కార్తిక మాసం: కాలగణన, వ్రతాచరణ, సమాజం

6.0 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కార్తిక మాసం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పంచాంగం ఆధారంగా చెప్పగలుగుతారు. తెలుగువారి కార్తికానికీ ఉత్తరాది కార్తికానికీ పదిహేను రోజుల తేడా ఎందుకు వస్తుందో వివరించగలుగుతారు. నెలరోజుల వ్రతంలో ఏయే ఆచారాలు ఉన్నాయో, అశక్తులకు ఏ సడలింపులు ఉన్నాయో తెలుసుకుంటారు. ఈ వ్రతం అందరికీ ఒకేలా అందుబాటులో ఉందా అనే ప్రశ్నను పరిశీలించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

ఒక రోజు చేసే పండుగ వేరు, ఒక నెల పట్టే వ్రతం వేరు. వినాయక చవితి నాడు పత్రి తెచ్చి పూజ చేసి కథ చదువుకుంటే ఆ పండుగ పూర్తవుతుంది. నెల వ్రతం అలా తీరదు. నిద్రలేచే వేళ, వంటింటి పని, ఇంటి ఖర్చు, ప్రయాణాలు, ఉద్యోగం అన్నీ ముప్పై రోజులపాటు దాని చుట్టూ సర్దుకోవాలి. అందువల్ల ఇలాంటి వ్రతాన్ని అధ్యయనం చేసేటప్పుడు దేవుడి గురించి ఎంత మాట్లాడుకుంటామో, ఇంటి గురించీ అంతే మాట్లాడుకోవాలి.

శ్రావణం, కార్తికం, మాఘం, వైశాఖం, ధనుర్మాసం, ఇవి కాక అప్పుడప్పుడు వచ్చే అధిక మాసం, ఇవన్నీ పుణ్యమాసాలుగా పేరు పొందినవే. తెలుగునాట శ్రావణం ప్రధానంగా స్త్రీల నోముల నెల. ధనుర్మాసంలో వైష్ణవాలయాల ప్రాధాన్యం ఎక్కువ. కార్తికం అలా ఒక వర్గానికి పరిమితం కాలేదు. మిగతా సంవత్సరమంతా గుడివైపు చూడనివారు కూడా ఈ నెలలో ఒక సోమవారమైనా దీపం పెడతారు. అందుకే ఈ పాఠానికి దీన్ని ఉదాహరణగా తీసుకున్నాం.

పేరు గురించి ఒక చిన్న మాట. కృత్తికకు సంబంధించినది కార్తికం. వాడుకలోనూ పత్రికల్లోనూ 'కార్తీకం' అని దీర్ఘంతో రాయడం స్థిరపడిపోయింది. ఈ పాఠంలో హ్రస్వరూపమే వాడుతున్నాం. పరీక్షలో ఏది రాసినా తప్పు కాదు.

6.2 నెల ఎక్కడ మొదలవుతుంది?

చైత్రం నుంచి లెక్కిస్తే కార్తికం ఎనిమిదో చాంద్రమాసం. పూర్ణిమ నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో ఆ నక్షత్రం పేరుతో మాసం పేరు ఏర్పడుతుంది. చిత్త వల్ల చైత్రం, విశాఖ వల్ల వైశాఖం, కృత్తిక వల్ల కార్తికం వచ్చాయి. అయితే ప్రతి సంవత్సరం పూర్ణిమ సరిగ్గా కృత్తికలోనే పడుతుందని అనుకోకూడదు. పక్కనున్న భరణిలోనో రోహిణిలోనో పడవచ్చు. సగటున అక్కడ పడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

దీన్ని మీరే చూడవచ్చు. పూర్ణిమ నాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు. కనుక ఈ నెలలో పొద్దు వాలాక కొంతసేపటికి తూర్పున చిన్న ద్రాక్షగుత్తిలా కనిపించే నక్షత్రాల గుంపు పైకి వస్తుంది. అదే కృత్తిక. రాత్రంతా ఆకాశంలో ఉండి తెల్లవారుజామున పడమటికి వాలుతుంది. పల్లెల్లో దీన్ని 'పిల్లల కోడి' అని కూడా అంటారు. వీధి దీపాల వెలుతురు లేని చోట ఆరు నక్షత్రాలను మామూలు కంటితోనే లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. చాంద్రమాసం సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. దాన్ని ఎక్కడ తుంచాలి అనే విషయంలో దేశంలో రెండు పద్ధతులున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ ప్రాంతాల్లో అమావాస్యతో నెల ముగుస్తుంది. దీన్ని అమాంత పద్ధతి అంటారు. ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్ మొదలైన చోట్ల పూర్ణిమతో నెల ముగుస్తుంది. ఇది పూర్ణిమాంత పద్ధతి.

దీని ఫలితం ఏమిటో చూడండి. దీపావళి మనకు ఆశ్వయుజ అమావాస్య, కాశీవాసులకు కార్తిక అమావాస్య. ఇద్దరూ పండుగ చేసుకునేది ఒకే రోజున. అయితే ఆ మరునాడు మనకు కార్తికం మొదలవుతుంటే వారికి అప్పటికే సగం గడిచిపోయి ఉంటుంది. 2025వ సంవత్సరాన్నే తీసుకుంటే తెలుగు పంచాంగాల ప్రకారం కార్తికం అక్టోబర్ 22 నుంచి నవంబర్ 20 వరకు నడిచింది. ఉత్తరాదిన అక్టోబర్ 7 నాటి పూర్ణిమ తరువాత మొదలై నవంబర్ 5 నాటి పూర్ణిమతో ముగిసింది. అంటే కార్తిక పూర్ణిమ మనకు నెల నడుమ వచ్చే పర్వం, వారికి నెల ముగింపు. శుక్లపక్షం మాత్రం ఇద్దరికీ ఒకటే. కాబట్టి చవితి, ఏకాదశి, ద్వాదశి, పూర్ణిమ వంటి ముఖ్యమైన తిథుల్లో తేడా రాదు. కాశీకి వెళ్లి కార్తిక స్నానాలు చేద్దామనుకుని కృష్ణపక్షంలో బయలుదేరే తెలుగు యాత్రికులకు ఈ విషయం ముందుగా తెలిస్తే మంచిది. వారు చేరేసరికి అక్కడ మార్గశిరం నడుస్తూ ఉంటుంది.

తమిళుల లెక్క మూడో రకం. వారిది సౌరమానం. వారి కార్తిగై నెల సూర్యుడు వృశ్చికరాశిలో ప్రవేశించినప్పుడు, అంటే నవంబర్ నడుమ మొదలవుతుంది. తిరువణ్ణామలై కొండమీద వెలిగించే కార్తిగై దీపం 2025లో డిసెంబర్ 3న వచ్చింది. అప్పటికి మన కార్తికం ముగిసి దాదాపు రెండు వారాలైంది. అయ్యప్ప దీక్షలకు ఆధారమైన శబరిమల మండలకాలం కూడా వృశ్చిక సంక్రమణంతోనే మొదలవుతుంది. తెలుగునాట కార్తికంలో నల్లబట్టలు ఎక్కువగా కనిపించడానికి ఈ రెండు లెక్కలు ఒకదానిమీద ఒకటి పడడమే కారణం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

మీ ఇంట్లో ఉన్న పంచాంగం లేదా గోడ క్యాలెండర్‌లో ఈ ఏటి కార్తిక శుద్ధ పాడ్యమి, పూర్ణిమ, అమావాస్య తేదీలు గుర్తించండి. పూర్ణిమ నాటి నక్షత్రం ఏమిటో రాయండి. ఉత్తరాది లెక్క ప్రకారం అదే కార్తికం ఏ తేదీల మధ్య వస్తుందో కట్టి చూడండి.

6.3 నెల నడక

వ్రతం సంకల్పంతో మొదలవుతుంది. పురోహితుడు చెప్పించే సంకల్పంలో శరదృతువు, కార్తిక మాసం, పక్షం, తిథి, వారం వరుసగా వస్తాయి. ఏ కాలంలో, ఏ చోట నిలబడి ఈ పని చేస్తున్నామో చెప్పుకోవడమే దాని అర్థం. తరువాత రోజూ చేసేవి ప్రధానంగా మూడు: తెల్లవారకముందే స్నానం, సాయంత్రం దీపం, పురాణ శ్రవణం. తెలుగులో ప్రచారంలో ఉన్న కార్తిక పురాణంలో ముప్పై అధ్యాయాలున్నాయి. రోజుకొకటి చదువుకునేందుకు వీలుగా ఆ విభజన ఉంది. వసిష్ఠుడు జనకుడికి చెప్పినట్లుగా కథ సాగుతుంది. స్కాంద, పద్మ పురాణాల్లోనూ కార్తిక మాహాత్మ్యం విడిగా ఉంది.

గుళ్లలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తుతారు. చిల్లులున్న చిన్న ఇత్తడి పాత్రలో దీపం వెలిగించి తాడుతో పైకి లాగుతారు. పితృదేవతలకు దారి చూపే దీపమని నమ్మకం. విదియ నాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంట భోజనం చేస్తారు. చవితి నాగుల చవితి, పుట్టలో పాలు పోసే రోజు. ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు నిద్రకు ఉపక్రమించిన విష్ణువు కార్తిక శుద్ధ ఏకాదశికి మేల్కొంటాడు. మరునాడు క్షీరాబ్ది ద్వాదశి. తులసికోటలో ఉసిరి కొమ్మ నాటి పూజిస్తారు.

పూర్ణిమ రాత్రి శివాలయాల్లో జ్వాలాతోరణం ఉంటుంది. రెండు కర్రలు నాటి, అడ్డంగా ఇంకొక కర్ర కట్టి, దానికి ఎండుగడ్డి చుట్టి నిప్పు పెడతారు. పార్వతీ పరమేశ్వరుల పల్లకిని ఆ మంట కింద నుంచి మూడుసార్లు తిప్పుతారు. కాలగా మిగిలిన గడ్డిని ఇంటికి తెచ్చి గడ్డివాములో దోపుకునే అలవాటు వ్యవసాయ కుటుంబాల్లో ఉంది. అదే రాత్రి మూడువందల అరవై ఐదు వత్తుల కట్టను నేతిలో తడిపి వెలిగిస్తారు. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ అది లెక్క సరిచేస్తుందని భావన. తెలుగు గృహిణి గణితంలో ఇంతకంటే చక్కని సర్దుబాటు మరొకటి కనిపించదు.

ఈ నెల శివుడిదా, విష్ణువుదా అన్న ప్రశ్న విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. సోమవారాలు, పూర్ణిమ, అభిషేకాలు శివుడివి. ఏకాదశి, ద్వాదశి, తులసి, దామోదర నామం విష్ణువువి. గోదావరి, కృష్ణా తీరాల్లో శివాలయాలకు జనం పోటెత్తుతారు. అమరావతి, ద్రాక్షారామం, భీమవరం, పాలకొల్లు, సామర్లకోటల్లోని పంచారామాలను ఒకే రోజు చూపించే ప్రత్యేక బస్సులను ఈ నెలలో ఆర్టీసీ నడుపుతుంది. అదే సమయంలో అన్నవరం కొండమీద సత్యనారాయణ వ్రతాలకు చోటు దొరకడం కష్టమవుతుంది. రెండు చోట్లా కనిపించేది చాలావరకు ఒకే జనం.

ఇక్కడ ఒక వ్యాఖ్యానం గురించి జాగ్రత్త అవసరం. వానలు వెలిసి నదులు తేటపడతాయి కనుక పూర్వులు ఈ నెలలో స్నానాలు పెట్టారనీ, చన్నీటి స్నానం ఆరోగ్యం కోసమనీ ఈమధ్య ఎక్కువగా చెబుతున్నారు. కార్తిక పురాణం చెప్పే కారణం అది కాదు. అది చెప్పేది పుణ్యం, పాపక్షయం. కోస్తాలో వానలు వెలిసే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన వచ్చింది కార్తికంలోనే. 2025 అక్టోబర్ 28 రాత్రి కోస్తాను తాకిన మొంథా తుపాను వచ్చిందీ కార్తికంలోనే. ఆచారానికి ఉన్న అర్థాన్ని దాని గ్రంథాల్లోనూ, దాన్ని పాటించేవారి మాటల్లోనూ వెతకాలి. బయట నుంచి కారణం అతికించడం అధ్యయనం కాదు.

6.4 ఉపవాసం: ఎవరి శక్తి కొద్దీ వారు

మీలో చాలామంది ఉద్యోగమో కూలిపనో ఇంటిపనో చేసుకుంటూ ఈ కోర్సు చదువుతున్నారు. నెలరోజులు నదీస్నానం, ఉపవాసం అంటే మనవల్ల అయ్యే పనేనా అనిపించడం సహజం. ఈ ప్రశ్న కొత్తది కాదు. కార్తిక పురాణం సోమవార వ్రతాన్ని ఆరు రకాలుగా చెబుతుంది. పగలంతా తినకుండా ఉండి, సాయంత్రం శివపూజ అయ్యాక, నక్షత్ర దర్శనం చేసుకుని తులసితీర్థంతో సరిపెట్టుకోవడం ఉపవాసం. అది చేయలేనివారు పగలు ఒక్కపూట తిని రాత్రి తీర్థం తీసుకుంటే ఏకభుక్తం. పగలు మాని, చుక్కలు చూశాక రాత్రి తింటే నక్తం. తనకోసం వండుకోకుండా ఎవరైనా పిలిచి పెడితేనే తినడం అయాచితం. ఇవేవీ కుదరనివారికి స్నానం చేసి జపం చేసుకోవడం ఉంది. మంత్రం కూడా రానివారికి తిలదానం, అంటే నువ్వులు దానమివ్వడం ఉంది.

ఈ వరుసను గమనించండి. మెట్టు మెట్టుకూ శ్రమ తగ్గుతూ వస్తుంది, చివరి మెట్టు మీద ఉన్నవారు కూడా వ్రతం చేసినవారే అవుతారు. పొలంలో పగలంతా నాగలి పట్టేవాడు ఏకభుక్తం ఎంచుకోవచ్చు. పగలు ఆఫీసులో ఉండి ఇంటికి వచ్చి దీపం పెట్టుకునేవారికి నక్తం సరిపోతుంది. ఇప్పుడు నగరాల్లో ఎక్కువమంది చేసేది నక్తమే, దాన్నే ఉపవాసం అంటున్నారు.

ధర్మశాస్త్ర గ్రంథాల్లో సాధారణంగా వ్రతాలన్నిటికీ వర్తించే మరో నియమం ఉంది. నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు, ఈ ఎనిమిదీ వ్రతానికి భంగం కలిగించవని దాని సారాంశం. చివరి మాట ముఖ్యమైనది. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు ఉపవాసం పేరుతో మందులు మానేసే సంఘటనలు మనచుట్టూ జరుగుతూనే ఉంటాయి. మందు వేసుకుంటే వ్రతం చెడుతుందనడానికి శాస్త్రంలో ఆధారం లేదు. పైగా జబ్బుపడినవారి తరఫున భార్యో భర్తో కొడుకో అన్నదమ్ములో వ్రతం కొనసాగించవచ్చని కూడా అవే గ్రంథాలు అంగీకరించాయి. ఇంట్లో పెద్దవాళ్లతో వాదన వచ్చినప్పుడు డాక్టర్ మాటకంటే ఈ శ్లోకం మాట ఎక్కువ పనిచేయవచ్చు.

తిండి నియమాల్లో మాంసం, ఉల్లి, వెల్లుల్లి మానడం సామాన్యం. ఇంకా ఏమేం మానాలి అన్నది ఇంటింటికీ మారుతుంది. ఈ నియమం ఇంటితో ఆగదు. కార్తికంలో కోడిమాంసం ధర తగ్గడం, పూలు, అరటిపళ్లు, కొబ్బరికాయల ధర పెరగడం మార్కెట్‌కు వెళ్లే ఎవరికైనా తెలిసిన విషయమే. ప్రమిదలు చేసే కుమ్మరులకు దీపావళితో మొదలైన గిరాకీ ఈ నెలంతా సాగుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. నక్తం చేసే పురుషుడికి చుక్కలు చూసేసరికి వేడిగా భోజనం సిద్ధంగా ఉంటుంది. అది వండింది ఎవరు? చాలా ఇళ్లలో ఆమె కూడా ఉపవాసంలోనే ఉంటుంది. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచేదీ ఆమే. వ్రతఫలం గురించి చెప్పే గ్రంథాలు ఈ శ్రమను విడిగా లెక్కించలేదు. మనం లెక్కించాలి.

6.5 పొరుగు ఆచారం: పూరీలో హవిష్యం

ఒడిశాలో కార్తికానికి ఇంకొక రూపం ఉంది. నెలంతా ఒంటిపూట సాత్త్వికాహారం తినే వ్రతాన్ని అక్కడ హబిష అంటారు. పాటించే స్త్రీలను హబిష్యాళీ అంటారు. వీరిలో వితంతువులు ఎక్కువ. వేలాదిమంది నెలరోజులు పూరీలోనే ఉండి, స్నానం చేసి, జగన్నాథుణ్ణి దర్శించుకుని, తులసికోట ముందు రంగుపొడులతో మురుజ ముగ్గులు వేస్తారు. ప్రభుత్వం వారికి వసతి శిబిరాలు ఏర్పాటు చేస్తుంది. శుభకార్యాల్లో ముందు నిలబడనివ్వని స్త్రీలకు ఒక నెలపాటు తమదైన జట్టు, తమదైన రోజువారీ క్రమం దొరకడం ఇందులో గమనించదగినది. పూర్ణిమ నాడు ఒడియావారు చిన్న పడవలు చేసి నీటిలో వదులుతారు. ఒకప్పటి సముద్ర వర్తకానికి అది జ్ఞాపకం. సరిహద్దు ఊళ్లయిన ఇచ్ఛాపురం, సోంపేట వైపు రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

6.6 వనభోజనం, నది, గుడి: ఎవరు ఎవరితో?

ఉసిరిచెట్టు నీడన వండుకుని తినడం కార్తికంలో ప్రసిద్ధమైన ఆచారం. ఇప్పుడు ఆదివారం వస్తే తోటల్లో షామియానాలు వేసి అపార్ట్‌మెంట్లవారు, ఆఫీసులవారు, పూర్వ విద్యార్థులు వనభోజనాలు చేస్తున్నారు. వీటితోపాటు కులసంఘాల వనభోజనాలు చాలా పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. బ్యానర్ మీద కులం పేరు, వేదిక మీద ఆ కులపు నాయకులు, ఎన్నికలు దగ్గరపడితే అన్ని పార్టీలవారూ ఉంటారు.

దీనిపై రెండు వాదనలు వినిపిస్తాయి. అందరూ కలిసి తినాల్సిన వనభోజనాన్ని కులాలు పాడుచేశాయని ఒకటి. చెదిరిపోయిన బంధుత్వాలు కలుస్తాయి, పెళ్లి సంబంధాలు కుదురుతాయి, పేద విద్యార్థులకు సాయం అందుతుంది, తప్పేముందని మరొకటి. మొదటి వాదన చరిత్రను కాస్త తియ్యగా చేసి చెబుతోంది. కార్తిక పురాణం చెప్పింది ఉసిరిచెట్టు కింద బ్రాహ్మణ భోజనం గురించి, సహపంక్తి గురించి కాదు. పాత వనభోజనాలు కూడా ఎవరి వంట వారికే అన్న పద్ధతిలోనే సాగేవి. అయితే రెండో వాదన కూడా పూర్తిగా నిలవదు. అప్పుడు మౌనంగా ఉన్న గీతను ఇప్పుడు మైకు పెట్టి చెప్పడం అదే పని కాదు. ఆ తోటలో వంటపాత్రలు తోమడానికీ, విస్తళ్లు ఎత్తడానికీ వచ్చినవారు ఎక్కడ కూర్చుని తింటున్నారో చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది.

నదికీ గుడికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. కార్తిక దీపం గుడిలో వెలిగించే హక్కు దళితులకు చాలాచోట్ల ఉండేది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 1955 నాటి చట్టం గుడిలో పూజతోపాటు పవిత్రమైన చెరువులో, బావిలో, నీటి ప్రవాహంలో స్నానం చేయనివ్వకపోవడాన్ని కూడా నేరంగా పేర్కొంది. స్నానం అన్న మాట చట్టంలోకి రావలసి వచ్చిందంటే ఆ రేవులో ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

ఇప్పటి సమస్య జనసమ్మర్దం. ఒకే తిథి, ఒకే వేళ, ఒకే ద్వారం. 2025 నవంబర్ 1న, కార్తిక ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక ఆలయంలో జరిగిన తొక్కిసలాటలో తొమ్మిదిమంది మరణించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఏకాదశి దర్శనం పూర్ణిమకు వాయిదా వేసుకుంటే పుణ్యం తగ్గుతుందని భక్తులు అనుకున్నంతకాలం ఆ తాకిడి తగ్గదు. లోపలికీ బయటికీ వేర్వేరు దారులు, ఒకసారి ఎంతమందిని అనుమతించాలన్న లెక్క నిర్వాహకుల బాధ్యత. నీటి విషయానికి వస్తే అరటిదొప్పలో పెట్టిన దీపం కుళ్లి నీటిలో కలిసిపోతుంది. థర్మోకోల్ పళ్లెంలో పెట్టింది రేవు మెట్లకే పట్టి ఉంటుంది.

6.7 పోలి పాడ్యమి

అమావాస్యతో నెల ముగిసినా వ్రతం ముగియదు. మరునాడు మార్గశిర శుద్ధ పాడ్యమి. తెల్లవారకముందే స్త్రీలు ముప్పై వత్తులను అరటిదొప్పల్లో వెలిగించి నీటిలో వదులుతారు. నది లేనిచోట చెరువు, చెరువు లేనిచోట పళ్లెంలోనో టబ్బులోనో నీళ్లు. దీన్ని పోలిని స్వర్గానికి పంపడం అంటారు.

కథ క్లుప్తంగా ఇది. ఒక ఊళ్లో ఒక అత్తకు ఐదుగురు కోడళ్లు. అందరికంటే చిన్నది పోలి. అత్త నలుగురు కోడళ్లను వెంటబెట్టుకుని రోజూ నదికి వెళ్లేది. పోలికి ఇంటిపని అప్పగించి, దీపం పెట్టుకోవడానికి నూనె, వత్తి, ప్రమిద ఏవీ అందకుండా దాచి మరీ వెళ్లేది. పోలి పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి దీపం వెలిగించి, అత్తకు కనబడకుండా బుట్ట బోర్లించేది. నెల చివర విమానం వచ్చింది. తమకోసమే అనుకుని అత్తా కోడళ్లూ ఎదురువెళ్లారు. విమానం పోలి కోసం వచ్చింది. అత్త పోలి కాళ్లు పట్టుకుని వేలాడబోయి కిందపడింది.

పైన చెప్పుకున్న ఆరు మెట్లలో పోలి చేసింది ఏ మెట్టుకూ చెందదు. ఆమెకు నది లేదు, సంకల్పం చెప్పించే పురోహితుడు లేడు, పురాణ శ్రవణం లేదు. వ్రతానికి కావలసినవన్నీ ఉన్నవారు ఈ కథలో కింద మిగిలిపోతారు. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే ఈ కథను ఏటా చెప్పుకునేది అత్తలూ కోడళ్లూ కలిసి, ఒకే రేవులో నిలబడి. కొన్నిచోట్ల ఆమెను చాకలి పోలి అంటారు, కొన్నిచోట్ల కులం ప్రస్తావన రాదు. అత్త శిక్ష కూడా చెప్పేవారిని బట్టి మారుతుంది. కొందరు ఆమెను కింద పడేసి ఊరుకుంటారు, కొందరు చివరికి పోలి చేతనే క్షమింపజేస్తారు.

క్షేత్రకార్యం

మీ ఇంట్లో లేదా వీధిలో కనీసం ఇద్దరు స్త్రీల దగ్గర, వీలైతే వేర్వేరు కులాలవారి దగ్గర, పోలి కథ చెప్పించుకుని వారి మాటల్లోనే రాసుకోండి. పోలి కులం, ఆమె వాడిన వస్తువులు, అత్తకు జరిగింది, ఈ మూడింటిలో తేడాలు గుర్తించండి. కథ చెప్పిన తరువాత, తమ చిన్నతనంలో దీపం వదలడానికి ఏ రేవుకు వెళ్లేవారో, అక్కడికి ఇంకెవరెవరు వచ్చేవారో కూడా అడిగి రాయండి.